టాపు లేని బండి తలుపులు

తలుపు మూసిన చప్పుడు వింటే చాలు, ఆ బండికి ఎవరు పని చేశారో చెప్పగలనని నేను పొగరుగా అనేవాణ్ణి. కోయంబత్తూరులో మా తెలుగు వీధి చివర, ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో టింకరింగ్ పని నాది. సొట్టపోయిన రేకును సుత్తితో తట్టి మట్టం చేయడం ఎవరైనా నేర్చుకుంటారు. తలుపు చుట్టూ ఉండే సందు పైనుంచి కిందిదాకా ఒకే మాదిరి వచ్చేట్టు కూర్చడానికి మాత్రం ఓర్పు కావాలి. నాకు ఓర్పు తక్కువ, నోటి దురుసు ఎక్కువ. అయినా ఆ ఒక్క పనిలో నాకు వంక పెట్టినవాడు లేడు.

మిల్లు ముదలాళికి, అంటే యజమానికి, టాపు లేని పాత సీమ కారు ఒకటి ఉండేది. మామూలు కారును పైకప్పు పట్టి ఉంచుతుంది. టాపు లేనిదానికి ఆ ఆధారం ఉండదు, మనుషులు ఎక్కితే నడుము దగ్గర కుంగుతుంది. కుంగితే పైన సందు మూసుకుపోయి, తలుపు వెనక అంచు పక్క రేకుకు పట్టేస్తుంది. ఖాళీ బండికి చూడముచ్చటగా కూర్చిన తలుపు నలుగురు ఎక్కాక తెరుచుకోదు. అందుకని నేను బండిలో మనుషుల్ని కూర్చోబెట్టి, ఆ బరువు మీదే సందు సరిచేసేవాణ్ణి. ఇసుక మూటలు పెట్టేవాళ్ళూ ఉన్నారు గానీ, మూట మనిషిలా కూర్చోదని నా వాదన.

ముదలాళి పెద్ద కొడుకు పెండ్లికి అట్లాగే చేశాను. మా పక్క పెండ్లి ముందురోజు సాయంత్రం పెండ్లికొడుకును పిళ్ళయార్ గుడి, అదే వినాయకుడి గుడి, నుంచి మంటపం దాకా టాపు లేని కారులో ఊరేగిస్తారు. ఇంట్లోని చిన్నపిల్లలంతా ఆయన చుట్టూ ఎక్కేస్తారు, ఎవరినీ దిగమనకూడదు. తలుపులు ఆ నిండు బరువు మీద తెరుచుకోవాలి. ఆనాడు బరువుకు కూర్చున్నది మా వీధిలోని మిల్లు మనుషులు నలుగురు. వాళ్ళలో ఒకాయన నా భార్యకు అన్న, నాకు బావ. షిఫ్టు దిగి, టిఫిన్ కేరియర్లతో నేరుగా వచ్చి కూర్చున్నారు. బావ ఎక్కితే స్ప్రింగులు మూలిగేవి. మంటపం ముందు ఆ తలుపు ఒక్క వేలితో తెరుచుకుంది.

రెండో కొడుకు పెండ్లినాటికి బండి అడుగు తుప్పు పట్టింది. తుప్పును కోసేసి కొత్త రేకు అతకాలి, అతికితే తలుపులు తప్పుతాయి, మళ్ళీ కూర్చాలి. బండి నా షెడ్డుకు వచ్చింది. అప్పటికి నెలల తరబడి మిల్లు లాకౌటులో ఉంది. పొద్దున్నే షిఫ్టుకు పిలిచే మిల్లు సంగు మోగకపోతే మా వీధికి తెల్లవారినట్టే ఉండేది కాదు. మగవాళ్ళంతా అరుగుల మీద కూర్చుని ఉంటే నా షెడ్డులో మాత్రం సుత్తి చప్పుడు. అదీ ఆ ముదలాళి బండి మీదనే.

బావ వచ్చి షెడ్డు బయటే నిలబడ్డాడు. చెల్లెలి మొగుణ్ణి గనక నన్ను మాప్ళే అంటాడు.

"పని చేయొద్దని చెప్పను మాప్ళే. నీ పొయ్యి నువ్వు మండించుకోవాల గదా. అయితే ఇది నీ షెడ్డులో ఉండేదాకా ఈ ఇంట్లో నేను చెయ్యి కడగను."

ప్రతి ఆదివారం చెల్లెలి చేతి అన్నం తిని పోయే మనిషి ఆయన. ఆ ఆదివారం రాలేదు, తర్వాతా రాలేదు. నా భార్య నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. వడ్డించి, గోడ వైపు తిరిగి కూర్చునేది. "ఆ బండిని బిరీనా పంపించేయండి. మా అన్న వచ్చి తినాల" అని ఒక్కటే మాట. నాకు తప్పు చేస్తున్నట్టే ఉండేది. వెల్డింగు వెలిగించినప్పుడల్లా వీధి అంతా నన్నే చూస్తున్నట్టు ఉండేది. తప్పు అనిపించేకొద్దీ నాకు కోపం పెరిగేది. అది నా పుట్టుక బుద్ధి.

తలుపులు కూర్చే రోజు బరువుకు మనుషులు కావలసి వచ్చింది. అడగడానికి నాకు మొహం లేదు. నా భార్యే పోయి పిలిచింది. పోయినసారి కూర్చున్న నలుగురూ వచ్చారు.

"చెల్లెలు అడిగింది, వచ్చినాను" అన్నాడు బావ. "ఎంత బిరీనా అయితే అంత మంచిది."

పెండ్లికొడుకు కూర్చునే చోట ఆయన కూర్చున్నాడు. సీటు మీద చెయ్యి వేసి, "ఎంత మెత్తగా ఉండాది చూడండి. దీంట్లో కూచుంటే మనకు కూడా బోనసు సంగతి మరిచిపోతుంది" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు.

నేను అట్టముక్క మడిచి సందులో పైనుంచి కిందికి లాగుతూ పోయాను. ఎక్కడ బిగిసిందో చూసి, బందు బోల్టులు వదులు చేసి, వెనక ప్యాకింగ్ రేకు పెట్టి, మళ్ళీ బిగించడం. ఒకచోట కుదిరితే ఇంకోచోట తప్పేది. వాళ్ళు అటూ ఇటూ కదిలేవాళ్ళు. కదిలినప్పుడల్లా నా లెక్క పోయేది.

"కదలకండి అంటే వినబడదా? మూటలు పెట్టుకుని ఉంటే ఈపాటికి పని ముగిసిపోయేది" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. "సరి మాప్ళే, మూటలమే అనుకో" అని బావ చేతులు కట్టుకున్నాడు.

కాసేపటికి ఎండను చూసి, "అయిందా మాప్ళే? మీటింగు ఉండాది" అన్నాడు. నేను బోల్టు బిగిస్తూనే ఉన్నాను. మళ్ళీ అడిగాడు. అప్పుడు నేను, పాపిష్టి నోరు, "పని లేనివాళ్ళకు తొందరేమిటి బావా?" అన్నాను. నా భార్య టీ తెచ్చింది. ముగ్గురు తాగారు, ఆయన ముట్టలేదు.

ఎట్టకేలకు సందు కుదిరింది. తలుపు మెత్తగా, ఒకే చప్పుడుతో పడింది. నలుగురూ దిగి, నాతో మాటైనా చెప్పకుండా, దాదాపు పరుగెత్తినట్టు పోయారు. పోయినసారి కన్నా ఈసారి ప్యాకింగ్ తక్కువ పట్టింది. నా చెయ్యి తిరిగిందని మురిసిపోయాను.

ఊరేగింపు సాయంత్రం జేబులో స్పానరు పెట్టుకుని బండి పక్కనే నడిచాను. నాదస్వరం, లైట్లు, పెండ్లికొడుకు చుట్టూ పిల్లలు, ముందు సీటులో లావుపాటి మేనమామ. మంటపం ముందు హారతి పళ్ళెంతో ఆడవాళ్ళు నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. నేను లాగాను. పైఅంచు పక్క రేకుకు పట్టేసింది, సందులో గోరు కూడా దూరలేదు. అవతలి తలుపూ అంతే. చివరకు పెండ్లికొడుకు పట్టుపంచ ఎగదోసుకుని తలుపు దాటి దూకాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను ఎవరూ తిట్టలేదు. "పొద్దున పంపిస్తాను, మళ్ళీ చూడు" అన్నాడు ముదలాళి, అంతే.

ఇంటికి నడుస్తూ దారంతా లెక్కలు వేశాను. స్ప్రింగు పోయిందా, అతుకు వదిలిందా అని. ఇంట్లో నా భార్య కుట్టు మిషను దగ్గర ఉంది. జరిగింది చెప్పి, "పోయినసారి కూర్చున్న నలుగురినే గదా కూర్చోబెట్టాను. అదే బరువు. ఎట్లా తప్పిందో అర్థం కావడం లేదు" అన్నాను.

ఆమె మిషను ఆపింది.

"అదే బరువా?"

చేతిలోని చొక్కా ఎత్తి చూపించింది. అది బావది.

"పక్కలు లోపలికి పట్టడం ఇది రెండో తూరి. రెండు తూర్లూ మీ ముందరే కుట్టినాను. మీకు బండి తప్ప ఏమి కనబడింది?"

చొక్కా చేతిలోకి తీసుకుని ఆ కుట్లు చూశాను.

"ఆ దినం మీటింగు ఏమీ లేదు. మిల్లు గేటు దగ్గర మధ్యాన్నం గంజి పోస్తారు. మీరు వదిలిపెట్టి, వాళ్ళు పోయేతలికి కుండ కడిగేసినారంట. వదిన చెప్పింది."

పని లేనివాళ్ళకు తొందరేమిటని నేనే అడిగాను. ఆ ముగ్గురూ టీ ఎంత గబగబా తాగారో అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. దిగకపోవడం వల్ల ఎవరి కడుపూ నిండదని తెలిసి ఇంకా సిగ్గయింది.

బండి వెళ్ళిపోయింది గనక మర్నాడు బావ భోజనానికి వస్తానని చెల్లెలికి మాట ఇచ్చి ఉన్నాడు. ఆమె పొద్దున్నుంచీ వంటలోనే ఉంది. ఉలవచారు వాసన షెడ్డు దాకా వస్తోంది. ఆయన కన్నా ముందు బండి వచ్చింది. వీధిలోనే పెట్టమని డ్రైవరు మీద అరిచాను. ముదలాళి షెడ్డులో పెట్టమన్నాడని లోపలే పెట్టి పోయాడు.

బావ వచ్చాడు. కుట్టిన చొక్కా వేసుకున్నాడు. బండిని చూసి ఆగాడు. అరిటాకు పట్టుకుని నా భార్య గుమ్మంలో నిలబడింది.

"బావా, బండి సంగతి అప్పురం. ముందు తిను" అన్నాను.

"చెప్పిన మాట చెప్పిందే మాప్ళే. బండి ఇక్కడే ఉండాది." ఊరేగింపు కథ ఆయనకూ చేరినట్టుంది. తానే తలుపు తీసి, పెండ్లికొడుకు సీటులో కూర్చున్నాడు. స్ప్రింగులు మూలగలేదు. "పోయి ఆ ముగ్గురినీ పిలుచుకొని రా. ఇంకో ఇద్దరిని కూడా ఎక్కించుకో. మేము నలుగురం చాలం."

నిష్ఠూరంగా అనలేదు. పని మాట చెప్పినట్టే చెప్పాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్రేకు వదిలి, ఆయన కూర్చుని ఉండగానే బండి వెనక భుజం ఆనించి తోశాను. వీధిలోకి పోయేదాకా తోశాను.

"ఇప్పుడు షెడ్డులో లేదు బావా. దిగు. పోయి తిను."

ఆయన నా వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. తలుపును ఒక్క వేలితో నెట్టాడు. ఇట్లా చిక్కిన మనుషుల బరువుకే నేను కూర్చిన తలుపు గనక చప్పుడు లేకుండా తెరుచుకుంది. దిగి, తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుని లోపలికి పోయాడు.

కాసేపటికి లోపల, ఇంకొంచెం అన్నం పెట్టమ్మా అని ఆయన అడగడం వినబడింది. నేను వీధిలో బండి దగ్గరే ఉండిపోయాను. ఆయన పక్కన కూర్చుని తినడానికి ఆ రోజు నాకు ముఖం చెల్లలేదు.