మా అత్త పెట్టిన మైదాకు

నా చిన్నప్పుడు శామీర్‌పేట చుట్టూ ఉన్న గుట్టల నిండా మోదుగు చెట్లే ఉండేవి. ఇప్పుడు ఆ గుట్టలను చదును చేసి, రాళ్లు పాతి, ప్లాట్లు చేసి అమ్ముకున్నారు. ఎక్కడ ఏ చెట్టు ఉండేదో వేలు పెట్టి చూపిస్తే మా మనవరాలు నవ్వుతుంది. నవ్వనీ. ఎండలు ముదిరి, మోదుగు పూలు రాలి, కొత్త ఆకు అరచేతికి మించి పెరిగేసరికి మా ఇళ్లలో ఆడవాళ్లం గంపలు ఎత్తుకుని గుట్టకు పోయేవాళ్లం. తెచ్చిన ఆకును నీడకు ఆరబెట్టి, బండ కింద అణచి, నీళ్లు చిలకరించి మెత్తబరిచి, సన్నటి పుల్లలతో ఒకదాని పక్కన ఒకటి కుట్టి ఇస్తారాకులు చేసేవాళ్లం. పొలం పని తిండికి, ఆకుల పని ఉప్పుకూ బట్టకూ అన్నట్టు ఉండేది మా బతుకు.

ఆ పనిలో నా చెయ్యి చాలా మంచిది. ఇది గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట. నేను కుట్టిన ఆకును ఎండకు ఎత్తి చూస్తే సూది మొనంత వెలుతురు కూడా కిందికి దిగేది కాదు. పుల్ల మొన ఎప్పుడూ అడుగుకే పోయేది, పైకి తేలేది కాదు. మొన పైకి తేలితే అన్నం కలిపేటప్పుడు విరిగి ముద్దలోకి పోతుంది, గొంతులో గుచ్చుకుంటుంది. అలాంటి ఆకులు పెళ్లిలో వేస్తే ఆ ఇంటివాళ్ల పరువు పోతుంది. కుట్టినవాళ్లను మళ్లీ ఎవరూ పిలవరు.

ఒక ఏడు ఎండాకాలంలో మా నాయిన నన్ను బడి మానిపిస్తానన్నాడు. ఆడపిల్లకు సంతకం వస్తే చాలు, వానలు పడగానే నాట్లకు పంపుతానన్నాడు. ఏడ్చాను, అన్నం మానేశాను. ఆయన ఏమీ కరగలేదు. మా మేనత్త, అంటే మా నాయిన అక్క, భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. మాట తక్కువ మనిషి. ఆమె ఒక్కతే ఆయనకు ఎదురు చెప్పగలిగేది. ఈ ఎండాకాలం ఆకుల పనితో పిల్ల తన పలకకూ బట్టలకూ తానే సంపాదించుకుంటే ఇంకో ఏడు బడికి పోనిమ్మని బేరం పెట్టింది. ఆయన సరే అన్నాడు. నా వల్ల కాదనే నమ్మకంతోనే సరే అన్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

మేడ్చల్ దగ్గర ఒక పటేలు ఇంట్లో పెళ్లి కుదిరింది. ఊరంతా తినే పెళ్లి. ఆకులు మా అత్తకు ఒప్పజెప్పారు. అంత పని ఇద్దరి చేతుల మీద అయ్యేది కాదు కాబట్టి మా వాడలో వాళ్లను మరో ముగ్గురిని పిలిచింది. కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి అక్క, గొంతు వీధి చివరిదాకా వినిపించే మా చిన్నమ్మ, చూపు సరిగా ఆనని ఎదురింటి ముసలవ్వ. అందరినీ మా పందిరి కింద కూర్చోబెట్టి, కుట్టు బాధ్యత నాకు అప్పజెప్పి, ఆమె ఆకు కోసం గుట్టకు పోయింది.

ఆ రోజు నుంచి నాకు మొదలైన చిరాకు ఇంతా అంతా కాదు. ముసలవ్వ ఆకుల మధ్య వేలు పట్టేంత సందు వదిలేది. చిన్నమ్మ నోరు ఎంత వేగమో చెయ్యీ అంతే వేగం, కుట్టు మాత్రం వదులు. పక్కింటి అక్క అందరికంటే నెమ్మది, పైగా ఆమె పెట్టిన ప్రతి పుల్లా మొన పైకి తేలేది. నాకు ఒళ్లు మండిపోయేది. వాళ్లు కుట్టి పక్కన పెట్టగానే లాక్కుని, పుల్లలు పీకి, మళ్లీ నేనే కుట్టేదాన్ని. పీకేటప్పుడు ఆకు చిరిగేది, మంచి ఆకు వృథా అయ్యేది. అది చూస్తే ఇంకా కోపం వచ్చేది.

"ఇగో, పటేలమ్మ కూసున్నది. జల్ది దండం పెట్టుండ్రి," అని చిన్నమ్మ ఎత్తిపొడిచేది. పక్కింటి అక్క తల వంచుకునేది. రెండు మూడు రోజులకు వాళ్లు ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. వచ్చినా ఏదో ఒకటి గుచ్చి నా ముందుకు తోసేసి కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఎలాగూ ఈ పిల్ల పీకేదే కదా అనుకున్నారు. నా వేళ్లు పుండ్లు పడ్డాయి. కట్టలు మాత్రం పెరగలేదు. పెళ్లి రోజు దగ్గరకు వస్తోంది. మా నాయిన పందిరి దాటి పోతూ ఆ కుప్ప వైపు ఒక చూపు చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. ఆయన తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

వీళ్లందరినీ పంపెయ్, నేనొక్కదాన్నే కుడతాను అని అత్తతో చెప్పాను. ఆమె నా వేళ్లు చూసింది, కుప్పను చూసింది, ఊ అని ఊరుకుంది.

మర్నాడు నేను లేచేసరికి ఆమె రోట్లో మైదాకు, అదే గోరింటాకు, నూరుతోంది. ఎవరికని అడిగితే చెప్పలేదు. పండగ లేదు, పబ్బం లేదు, మైదాకు ఎందుకో నాకు అంతుబట్టలేదు. నన్ను పిలిచి, రెండు చేతులూ చాపమని, అరచేతుల నిండా, వేళ్ల చివరిదాకా దట్టంగా పెట్టింది. నా కష్టం చూసి ముద్దు చేస్తోందనుకుని మురిసిపోయాను. పెట్టడం అయ్యాక తీరిగ్గా చెప్పింది.

"సాయంత్రం దాకా కడగకు. ఆకులు ముట్టకు. ఎర్రమరకలు పడ్డ ఇస్తారాకులు పెండ్లికి పనికిరావు."

అప్పుడు తెలిసింది నాకు. మరి కుట్టు సంగతి ఏందని అరిచాను. నోరున్నది గదా అని గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పొద్దంతా నేను పడిన యాతన నాకే తెలుసు. ముక్కు మీద ఈగ వాలితే తోలలేను. జుట్టు కళ్లలో పడితే తీసుకోలేను. కళ్ల ముందే కుట్టు వంకర పోతుంటే ఆపలేను. చేతులు రెండూ గాలిలో పట్టుకుని కూర్చున్న నన్ను చూసి చిన్నమ్మ పడీపడీ నవ్వింది. నేను కేకలేశాను. అక్కడ సందు, ఇక్కడ మొన, అది పీకు, ఇది విప్పు అని గొంతు పోయేదాకా అరిచాను. ఎవరూ లెక్క చేయలేదు. పక్కింటి అక్కే చివరికి మెల్లగా అంది, "జెప్పు పిల్లా, ఇంట. ఒర్రకు గంతే."

అరవకుండా చెబితే వింటానన్న ఆ మాటతో సిగ్గేసి నోరు మూసుకున్నాను. చెయ్యడానికి చేతులు లేవు, అరవడానికి నోరూ లేదు. ఇక మిగిలింది చూడటమే. అన్ని రోజులూ వాళ్లు కుట్టిన ఆకులు చూశాను గానీ, వాళ్లు కుడుతుంటే చూడటం అదే మొదలు.

ముసలవ్వకు సందు కనబడదు. కానీ ఆకును ముట్టుకోగానే ఏది ముదురో, ఏది లేతో, ఏది అంచు చిరిగిందో చెప్పేస్తోంది. కుట్టడం ఆపి ఆకులు ఏరి జత చేసి ఇమ్మని అడిగాను. ఆమె ఏరి ఇవ్వడం మొదలుపెట్టాక చిన్నమ్మ కుట్టులో వదులు సగం తగ్గింది. సగం తప్పు ఆమె చేతిది కాదు, ఆకుది.

పక్కింటి అక్క సంగతే తేలలేదు. ఆమెనే చూస్తూ కూర్చున్నాను. ఇంతలో ఒక మేక వచ్చి ఆకుల కుప్పలో మూతి పెట్టింది. అక్క గభాలున ఒక రాయి తీసి విసిరింది. గురి తప్పకుండా మేక కాళ్ల ముందు పడింది. విసిరింది ఎడమ చేత్తో.

ఆమెది ఎడమచేతి వాటం. అందరిలో కూర్చుని, నలుగురూ అన్నం తినే ఆకును ఎడమ చేత్తో ముడితే ఏమంటారోనని భయపడి, అన్ని రోజులూ రాని చేత్తో కుస్తీ పడుతోంది. పుల్ల ఏటవాలుగా దిగి మొన పైకి తేలేది అందుకే. నేనేమో పీకి పారేశానే తప్ప, ఎందుకు తేలుతోందని ఒక్కసారీ అనుకోలేదు.

నీ వాటం చేత్తోనే కుట్టు అక్కా అన్నాను. చిన్నమ్మ పుల్ల కింద పెట్టి నా వైపు తిరిగింది.

"పుర్రచేత్తో కుట్టిన ఆకుల పెండ్లోళ్లు తింటరా? తెలిస్తే మనల్ని ఊళ్లకు రానిస్తరా? నీకేమన్న ఎరుకనా?"

ఆమె అన్నది నిజమే. తెలిస్తే పనీ పోతుంది, నా బడీ పోతుంది. అక్కను రాని చేత్తోనే కుట్టనిచ్చినా ఆకులు తిరిగి వస్తాయి, అప్పుడూ పోతుంది. అడగడానికి అత్త లేదు. ముగ్గురూ నా ముఖమే చూస్తున్నారు. నా చేతులు ఖాళీగా ఉంటే ఆ మాటకు జవాబు చెప్పకుండా ఆకు లాక్కుని కుట్టుకునేదాన్ని. ఆ రోజు ఆ వీలు లేదు.

"రెండు చేతులు కడుక్కొని కూసుంటది. కుట్టు నేను జూస్త. ఎవలన్న అడిగితే నేను జెప్పిన అని జెప్పుండ్రి," అన్నాను.

చిన్నమ్మ నన్ను పైకీ కిందికీ చూసింది. తర్వాత చెంబు తెచ్చి అక్క చేతుల మీద నీళ్లు పోసింది తానే.

అక్క ఎడమ చేతిలో పుల్ల పట్టుకుని కుట్టిన మొదటి ఆకును చిన్నమ్మ ఎండకు ఎత్తింది. వెలుతురు దిగలేదు. మొన అడుగున ఉంది. చిన్నమ్మ దాన్ని కట్ట మీద పెట్టింది, అదే ఆమె ఇవ్వగలిగిన పెద్ద మెప్పు. మధ్యాహ్నం తర్వాత నా నోటికీ పని తగ్గింది. ప్రతి ఆకునూ ఎండకు ఎత్తి చూసే పని చిన్నమ్మ తనంతట తానే పెట్టుకుంది. ఆమె గొంతుకు భయపడి అందరి కుట్టూ బిగిసింది. అత్త మధ్యలో వచ్చి నాకు అన్నం కలిపి నోట్లో పెట్టి, ఎండిన మైదాకు మీద తడి ముద్ద మళ్లీ వేసి పోయింది. పొద్దు వాలేసరికి కట్టలు పందిరి గుంజలో సగం ఎత్తుకు లేచాయి. అక్క చెయ్యి నా చేతికంటే వేగమని ఆ రోజే తెలిసింది. ఒప్పుకోవడం నాకు కష్టమైంది.

పెళ్లి ముందు రోజు బండి వచ్చింది. పటేలు ఇంటి పెద్దావిడ దిగి, కట్ట మధ్య నుంచి ఒక ఆకు లాగి ఎండకు ఎత్తింది. వేలితో అడుగంతా తడిమింది. ఎవరు కుట్టారని అడిగింది. అక్క ఎడమ చేతిని కొంగు కిందికి దాచుకుంది. మేమే కుట్టినం అమ్మా అన్నాను. ఇంకో పెళ్లి ఉంది, దానికీ మీరే కుట్టండి అని ఆకులు బండికెత్తించింది.

అందరూ సంతోషించారు. నేను మాత్రం ఇంటి వెనక్కి పోయి ఏడ్చాను. నా చెయ్యి పడిన ఆకులు ఆ బండిలో కొన్నే ఉన్నాయి. మెప్పంతా వాళ్లకు పోయింది, నాకు ఎర్రటి అరచేతులు మిగిలాయి. అత్త వెతుక్కుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ చెయ్యి మస్తు మంచిదే బిడ్డా. గాని అది ఒక్క ఇంటికే సాల్తది," అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు, కోపం మాత్రం చాలా వచ్చింది.

ఆ ఏడు బడికి పోయాను. పై ఏడు పోలేదు. అన్నిసార్లు గెలవడం మా ఇళ్లలో ఉండదు. ఆ ఒక్క ఏడాదిలో గట్టిపడ్డ అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. తర్వాత నాట్లేసే గుంపుకు పెద్దగా ఉన్నాను, ఆడవాళ్ల సంఘానికి పెద్దగా ఉన్నాను. ఎవరైనా పని పాడు చేస్తుంటే ఇప్పటికీ నా వేళ్లు జిలపెడతాయి. అప్పుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడతాను. నడుం నొప్పి కాబోలని అందరూ కుర్చీ తెచ్చి వేస్తారు.

మా మనవరాలు మేడ్చల్‌లో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు జాకెట్లకు మగ్గం పని చేస్తుంది. చెయ్యి మంచిది, నా చెయ్యే వచ్చింది. పని ఎక్కువైందని మా వాడలో ముగ్గురు ఆడవాళ్లను పెట్టుకుంది. వాళ్లు కుట్టిన పూలన్నీ విప్పి తానే మళ్లీ కుడుతుంది. విప్పిన జరీ, పూసలు చెత్తబుట్టలో పోస్తుంటే నాకు కడుపు మండుతుంది. ఏరి డబ్బాలో దాస్తున్నాను. రోజూ లీడరు ఎట్లా కావాలో ఫోన్‌లో పాఠాలు వింటుంది, విన్నాక వాళ్ల మీద అరుస్తుంది. వాళ్లు ఆలస్యంగా రావడం మొదలుపెట్టారు. పెళ్లి జాకెట్లు ఇవ్వాల్సిన రోజు దగ్గరకు వచ్చింది. వాళ్లందరినీ పంపేసి తానొక్కతే కుడతానని నిన్న నాతో అంది.

నేను ఆమె వేళ్లు చూసి ఊ అన్నాను.

ఈ పొద్దున గోడ పక్కనున్న మైదాకు చెట్టు కొమ్మలు రెండు దూసి, రోలు కడిగి కూర్చున్నాను. మిక్సీలో వెయ్యొచ్చు కదా, కరెంటుకు పిసినారితనం ఎందుకు అంటూ వచ్చింది మనవరాలు. ఎవరికి నానమ్మా, ఇప్పుడేం పండగ ఉందని అడిగింది.

నేను చెప్పలేదు. చెయ్యి చాపమన్నాను.