మావయ్య చేసిన టైటానిక్

చేపల మార్కెట్లో ఐసు వాసన తగిలితే ఇప్పటికీ మావయ్య మీద కోపమొస్తుంది. నా చిన్నప్పుడు, విశాఖ ఫిషింగ్ హార్బర్లో పనిచేసే మావయ్య టైటానిక్ కథ చేసి చూపిస్తానని, గోలెం నీళ్ళలో చేపల ఐసుగడ్డ వేసి, డాల్డా డబ్బా రేకుతో ఓడ చేశాడు.

"నీ బొమ్మని ఎక్కించవే. ఇది మునగదు, నాను సెప్తన్నాను కదా!" అన్నాడు.

అమ్మ పాత చీరతో కుట్టిన గుడ్డబొమ్మని ఎక్కించాను. ఓడ ఐసుకి తగిలి, కాసేపటికి బొమ్మతో సహా మునిగిపోయింది. ఏడుస్తూ పైకి తీస్తే అడుగున మేకు కన్నం, దాని చుట్టూ కరుగుతున్న సబ్బు. ముందే పొడిచి సబ్బుతో మూశాడన్నమాట!

"మునగదన్నావు కదా మావయ్యా!"

"ఆ ఓడెక్కినోళ్ళకీ అలాగే సెప్పారే," అన్నాడు నవ్వుతూ.

ఎంత ఉతికినా బొమ్మకి చేపల వాసన పోలేదు. అంత బాగా పాఠం చెప్పినవాళ్ళు నాకు మళ్ళీ దొరకలేదు, నిజమే. కానీ మావయ్య "నాను సెప్తన్నాను కదా" అంటే మాత్రం ఇంకెప్పుడూ నమ్మలేదు.