కంకర మీద అడుగులు

తెర మీద ఎవరు నడిచినా చప్పుడు మాత్రం ఆయనదే. అందుకే స్టూడియోలో అందరూ ఆయన్ని అడుగులాయన అంటారు. ఇసుక, చెక్క, కంకర, బండ పరిచిన తొట్టెల్లో మైకు ముందు నిలబడి, బొమ్మను చూస్తూ నడవడమే ఆయన ఉద్యోగం. హీరోయిన్ల ఎత్తు చెప్పులు తన కాళ్ళకి పట్టవు కాబట్టి చేతులకి తొడుక్కుని బల్ల మీద నడిపిస్తాడు. ఆ వయ్యారానికి ఈలలు వేసినవాళ్ళు ఈయన మీసాలు చూస్తే మళ్ళీ సినిమా మొహం చూడరు.

ఇంతమంది నడకలు పట్టుకున్న మనిషికి కట్టుకున్న భార్య నడక చేజారిపోయింది.

ఒకప్పుడు ఆవిడ నిచ్చెన మీంచి పడితే మడమ ఎముక చితికింది. ఎముక అతుక్కుంది గానీ చీలమండ కింది కీలు బిగుసుకుపోయింది. పాదాన్ని పైకీ కిందికీ ఆడించేది చీలమండ. దాని కింద, మడమ ఎముక మీద, ఇంకో కీలుంది. పాదాన్ని లోపలికీ బయటికీ ఒరిగించేది అదే. చదును నేల మీద దాని ఊసు ఎవరికీ పట్టదు. వంటింట్లో ఆవిడ మామూలుగానే తిరిగేది. ఇంటి ముందు కంకర మీద మాత్రం, రాయికి తగ్గట్టు పాదం ఒరగక, అంచు మీద పడి, కాస్త జారి, ఆపైన ఆనేది. ఆ గీసుకునే చప్పుడు వినగానే ఆయన లేచి తలుపు తీసేవాడు. "మీరుండగా మనకి కాలింగ్ బెల్లెందుకండీ" అని ఆవిడ నవ్వేది.

ఆవిడ పోయాక ఇంటి యజమాని ఆ కంకర మీద సిమెంటు పోయించాడు. అప్పట్నుంచీ ఆ చప్పుడు ఆయన చెవుల్లోంచి కొద్దికొద్దిగా చెరిగిపోతూ వచ్చింది. మొహం గుర్తుంది, గొంతు గుర్తుంది, అడుగు గుర్తు రాదు. ఆవిడ రెండోసారి పోతున్నట్టు అనిపించింది ఆయనకి.

ఈలోగా ఒక దయ్యం సినిమా వచ్చింది. చచ్చిపోయిన మనిషి కంకర దారిలో వచ్చి తలుపు దగ్గర ఆగాలి. ఆయన కుడి మడమకి అటూ ఇటూ గట్టి తోలు ముక్కలు పెట్టి, పాదం ఒరగకుండా బిగించి కట్టుకుని, కంకర తొట్టెలో దిగాడు. అడుగు పడింది, జారింది, ఆనింది. అదే చప్పుడు.

అద్దం వెనక రికార్డింగు చేస్తున్నవాడు ఆవిడ తమ్ముడే. తెర మీద బొమ్మ ఆగినా బావ ఆగలేదు.

"తలుపు దగ్గర ఆగాలి కదా బావా."

"మీ అక్క తలుపు దగ్గర ఎప్పుడాగిందిరా?"

బావమరిది రికార్డింగు ఆపాడు.

దర్శకుడు వచ్చి, విని పెదవి విరిచాడు. "భయం వేయట్లేదండీ. ఎవరో ఇంటికొస్తున్నట్టుంది. రేపు ఇంకోలా చేద్దాం" అని వెళ్ళిపోయాడు.

బావమరిది మళ్ళీ వినిపించాడు. అడుగులు దగ్గరవుతుంటే ఆయన లేచి వెళ్ళి గది తలుపు తీశాడు. బయట ఎవరూ లేరు.

"ఇది నీకోసం దాచిపెడతాను బావా."

"వద్దు, చెరిపెయ్. అది నా కాలు. రోజూ ఇదే వింటే మీ అక్కది పూర్తిగా పోతుంది."

సాయంత్రం ఇంటికి చేరి, వాకిట్లో సిమెంటు మీద ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. చప్పుడేమీ లేదు. మడమకి కట్టుకున్న కట్టు ఆయన ఇంకా విప్పలేదు.