నలుగు తగలకూడని పిక్కలు

మా మనవడికి భగవంతుడు రెండు కాళ్లిచ్చాడు. రెండూ నడిచేవే. అది చాలదని వాడికి తెలిసింది పెళ్లి కుదిరాక. పెళ్లికి ముందే పిల్లతో సముద్రం ఒడ్డున ఫొటోలు దిగే వేడుక అప్పుడే మా వైపు మొదలైంది. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలో పరిగెత్తమన్నారట. ఆ ఫొటోలు చూసి నా కూతురి కొడుకు, "ఒరే బావా, పైన పహిల్వానూ కింద కొంగా ఏట్రా?" అన్నాడు.

అంతే. వీడు ఆఫీసు పనని చెప్పి విశాఖపట్నం వెళ్లి, మోకాళ్ల వెనక కోయించుకుని, పిక్కల్లో సిలికాన్ ముద్దలు పెట్టించుకొచ్చాడు. మాకప్పుడు తెలియదు. కాళ్లు కట్టేసిన కోడిలా నడుస్తుంటే అడిగాను. "జిమ్ములో పట్టేసింది మామ్మా" అన్నాడు. అంత ఉక్కలోనూ బిగుతు మేజోళ్లు విప్పలేదు. మా ఇంట్లో చిరిగిన పొందూరు పంచె తువ్వాలవుతుంది, ఆ తువ్వాలు మసిగుడ్డవుతుంది. ఇక్కడ పెరిగినవాడు మాంసం కూడా కొత్తది తెచ్చుకున్నాడు!

పెళ్లికొడుకుని చేసే రోజు వచ్చింది. మా వైపు నలుగంటే చెంపకు రాసి వదిలేది కాదు. నూనె, సెనగపిండి పట్టించి ఒంటి మట్టి రాలేదాకా రుద్దుతారు. నా పెద్ద కూతురు, అంటే వాడి మేనత్త, మేజోళ్లు లాగి పారేసింది.

"కాళ్లకొద్దత్తా! కాళ్లకొద్దు!"

"సిగ్గేట్రా నాకాడ? నీ ముడ్డి కడిగిన సెయ్యే ఇది" అంటూ రెండు పిక్కలూ కసిదీరా పిసికింది. రాయిలా ఉన్నాయని మురిసిపోయింది కూడా.

పొద్దు వాలేసరికి ఎడమ పిక్క ఉబ్బి, చర్మం మెరుస్తోంది. వాడు నొప్పికి పళ్లు కొరుకుతున్నాడు. కాలివేళ్లు గిల్లాను.

"తెలస్తందేట్రా?"

"నేదు మామ్మా" అని ఏడుస్తూ మొత్తం కక్కాడు. "సేఫేనన్నారు. నెల దాటీదాకా పిసకద్దన్నారు. వాచి, వేళ్లు మొద్దుబారితే మాత్రం యెంటనే వచ్చీమన్నారు."

నేను మూడో తరగతితో బడి మానేశాను. అయినా చెప్పింది చివరిదాకా వినాలని నాకు తెలుసు. ఇంత చదివినవాడు "సేఫ్" దగ్గరే చెవులు మూసేసుకున్నాడు.

అక్కడ ఇంకో తగువు. నలుగు పెట్టిన పెళ్లికొడుకు ముహూర్తం దాకా పొలిమేర దాటకూడదు.

"అరిష్టమే అమ్మా! డాక్టర్నే ఇక్కడికి రప్పిద్దుము" అంది కూతురు.

"పిసికినకాడికి సాలు. పొలిమేర సంగతి నానొచ్చి సూసుకుంటాను. కారు తియ్యండ్రా!" అన్నాను.

ఆస్పత్రికి వెళ్లగానే పిక్క కోసి తెరిచారు. లోపల నెత్తురు చేరి నరాలను నొక్కేస్తోందట. ఇంకాస్త ఆలస్యమైతే పాదం దక్కేది కాదట. ఆ ముద్ద తీసేశారు. వేళ్లకు స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. కుడిది బాగానే ఉంది, ఉంచుకోవచ్చన్నారు. ఫలితం బ్రహ్మాండం! ఒక కాలు వస్తాదుది, రెండోది వాడిదే.

ఆ ముహూర్తం తప్పింది. నరసన్నపేట నుంచి పెళ్లికూతురు ఫోన్ చేసి, "మామ్మగారూ, నాను పిక్కల్ని సూసి ఒప్పుకున్నానని ఎవులు సెప్పినారు ఈయనకి?" అని అడిగింది. పిల్ల నాకు నచ్చింది.

తర్వాతి ముహూర్తానికి కూడా వాడి ఎడమ వేళ్లు మొద్దుగానే ఉన్నాయి. రోజూ పొద్దున గిల్లేదాన్ని, వాడు తల అడ్డంగా ఊపేవాడు. పెళ్లిలో మామగారు పళ్లెంలో అల్లుడి పాదాలుంచి చెంబుతో నీళ్లు పోశాడు. చుట్టాలంతా పిక్కలు చూస్తున్నారు, నేను వాడి మొహం చూస్తున్నాను. ఎడమ పాదం మీద పోయగానే వాడు ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏటి బాబూ, సల్లగున్నాయేటి?" అని మామగారు కంగారుపడ్డాడు.

"సల్లగున్నాయండి! సానా సల్లగున్నాయి!" అన్నాడు, పెళ్లిపందిరంతా వినబడేలా.

పురోహితుడు మంత్రం ఆపి విసుగ్గా చూశాడు. చూడనీ.

"ఇంకో సెంబుడు పొయ్యి బాబూ" అన్నాను పెళ్లికూతురి తండ్రితో.