కాలమ్‌లో వదిలేసిన గొలుసు

2005. గ్రేటర్ నోయిడాలో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో కెమిస్టుగా చేరి ఎనిమిది నెలలైంది. బయటి కంపెనీలు అడిగిన రసాయనాలు తయారుచేసి పంపడం మా పని. ఆ ఎనిమిది నెలల్లో తెలుగు మాట్లాడింది ఫోనులో అమ్మతోనే.

అప్పుడు నా చేతిలో ఉన్నది ట్రైకీటోన్. రెండు కార్బన్ల మధ్య ఉండి ఆక్సిజన్‌ను రెండు బంధాలతో పట్టుకున్న కార్బన్‌ని కీటోన్ అంటారు. అలాంటివి మూడున్న గొలుసు ఇది. ఎటైనా వంగుతుంది. ఆమ్లం తగిలితే ఒక రకం వలయం, క్షారం తగిలితే మరొకటి, అమైన్ అనే నైట్రోజన్ రసాయనం కలిపితే ఇంకొకటి. ఒకే పిండితో ఇడ్లీ, దోసె, పునుగులు వేసినట్టు. వలయాలు తామే చేసుకుంటామని, గొలుసును గొలుసుగానే రెండు గ్రాములు పంపమన్నాడు క్లయింటు. మూడు నెలలు పట్టింది. సోమవారం పంపాలి. నా ఉద్యోగం పర్మనెంటు కావడం దానిమీదే ఉంది.

ఆదివారం పొద్దున, శుద్ధి చేయడానికి దాన్ని కాలమ్‌లో, అంటే సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో ఎక్కించాను. ఎక్కించాక దాని పక్కనుంచి కదలకూడదన్నది మొదటిరోజే నేర్పే పాఠం. నేను గొట్టం కింది కుళాయి కట్టేసి, అశోకా రోడ్‌లో మన రాష్ట్రం వాళ్ళ క్యాంటీన్‌లో మన భోజనం తిని మూడింటికల్లా వచ్చేద్దామని బస్సెక్కాను.

క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నావిడ, "ఏమ్మా, ఏ ఊరు మనది?" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గోంగూర కారమన్నాను.

"మావారిది సెంట్రల్ గవర్నమెంటులే. వైశాలిలో ఉంటాం. ఆంటీ అనుకుని వచ్చెయ్, ఠీక్ హై?" అంటూ చీటీ మీద నంబరు రాసిచ్చింది. ఆవిడ మాటలు వింటూ ఉంటే సాయంత్రమైపోయింది.

సిలికాకు కాస్త ఆమ్ల గుణం ఉంది; గొలుసు రోజంతా అందులోనే ఉండిపోయింది. మర్నాడు పరీక్షిస్తే అణుభారం పద్దెనిమిది తగ్గింది. అంటే ఒక నీటి అణువు పోయింది. గొలుసు తనలో తానే ముడిపడి వలయమైపోయింది.

"కాలమ్ వదిలేసి ఎక్కడికెళ్ళావ్?" మా బాసు దత్తా సర్ హిందీలో అడిగారు.

అబద్ధాలు మూడు సిద్ధం చేసుకునే వెళ్ళాను, నోట నిజమే వచ్చేసింది. "తెలుగు మాట్లాడటానికి, సర్."

ఆయన పరీక్ష ఫలితాల కాగితం ముందుకు లాక్కున్నారు. "ఆ ముడి విప్పగలవా?"

"లేను సర్. గట్టిగా కుదురుకుంది."

"క్లయింటుకు నిజం రాయి. మళ్ళీ చెయ్."

మళ్ళీ మూడు నెలలు చేశాను. ఈసారి కాలమ్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. పర్మనెంటయ్యాను. ఆంటీకి మాత్రం ఫోన్ చెయ్యలేదు. తప్పంతా ఆవిడ పలకరింపుదే అన్నట్టు భయపడ్డాను. ఆదివారాలన్నీ ల్యాబ్‌లోనే గడిపేశాను. రెండేళ్ళ తర్వాత చేస్తే ఎవరో హిందీలో, వాళ్ళకు బదిలీ అయిపోయిందన్నారు.

వంగే గుణం ఉన్నదాన్ని ఎక్కువసేపు ఒంటరిగా వదిలేయకూడదని నేర్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళకు కాలమ్ పాఠం చెప్పాక ఇంకో ప్రశ్న కూడా అడుగుతాను: "ఆదివారం ఎవరితో భోంచేస్తావ్?"