ఆకులు తినే పెద్ద జంతువు

నరసాపురంలో రైలు కదిలాక, ఎదురుగా కూర్చున్న పెద్దాయన తన ఫోన్ నా చేతికిచ్చారు. అందులో పొడవాటి మెడ ఉన్న డైనోసార్ బొమ్మ ఉంది.

"దీని గురించి మీకేమైనా తెలుసాండి?" అని అడిగారు.

ఆయనది మొగల్తూరు, చేపల వ్యాపారం. కూతురు చనిపోయి కొన్ని నెలలైంది. రాజమండ్రిలో తండ్రి దగ్గరుంటున్న మనవరాలు అప్పట్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదట.

"వీటి మాటెత్తితే మాత్రం నోరు విప్పుతుందంటండి. నాకేమో చేపలు తప్ప ఇంకేం తెలీదు."

నేను బళ్ళో సైన్సు చెబుతాను. ఇలాంటి జంతువు ఎముకలు మన గోదావరి ఎగువన రాళ్ళలో దొరికాయని చెప్పాను. తల దొరకలేదనీ, దొరికిన పళ్ళను బట్టే అది ఆకులు తినేదని తెలిసిందనీ చెప్పాను. 'కోటసారస్' అన్న దాని పేరును ఆయన కొవ్వూరు దాకా పెదాలు కదుపుతూ వల్లెవేశారు.

"అంత ఒళ్ళూ ఉత్త ఆకులతోనే పెరిగిందాండి?"

"రోజంతా మేస్తూనే ఉండేదండి."

రాజమండ్రిలో ఇద్దరం దిగాం. ప్లాట్‌ఫారం మీద తండ్రి చెయ్యి పట్టుకుని ఓ పాప నిలబడి ఉంది. పెద్దాయన ఆమె ముందు గొంతుక్కూర్చుని ఫోన్ చూపించారు.

"ఇదేంటమ్మా? చేపలు తింటుందా?"

పాప ఫోన్ మీదికి వంగి చూసింది.

"తినదు తాతయ్యా. ఆకులు తింటుంది."

"ఉత్త ఆకులేనా?"

పాప తండ్రి చెయ్యి వదిలేసి ఫోన్ అందుకుంది. తాత భుజానికి ఆనుకుని, వేలితో మెడ చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మొదటిసారి వింటున్నట్టే వింటున్నారు.

నేను పలకరిస్తే అసలు సంగతి బయటపడుతుందేమోనని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా మెట్లెక్కేశాను.