జానెడు తగ్గిన దర్వాజ

ఆ రోజుల్లో తెలకపల్లి వైపు మా ఊళ్ళో కొత్త ఇంటికి దర్వాజ కావాలంటే ముందు చెట్టు కొట్టి, తర్వాత ఏడాది ఓపిక పట్టేవాళ్ళు. నాకు ఆ రెండోది లేదు. దాని ఫలితంగా ఒక పెద్దమనిషి పాతికేళ్ళు నా నింద మోశాడు. ఆలస్యంగానైనా దించుతున్నాను.

నాయిన చేనుగట్టు మీది వేపచెట్టు కొట్టించాడు. వడ్రంగి తాత (ఊరందరికీ తాతే) పచ్చి చెక్కలను మధ్యలో పుల్లలు పెట్టి కొట్టం నీడలో పేర్చి, కొసలకు ఆవు పెండ పూశాడు. నడుమ పచ్చిగా ఉండగానే కొసలు ఎండితే పగుళ్ళు వస్తాయట. "వానకాలం పోయెదాంక ముట్టొద్దు అయ్యా" అన్నాడు. డిగ్రీ చదివినవాణ్ణి కదా, తల ఊపాను.

ఎండాకాలంలో కొత్తకోట నుంచి పిల్ల తరఫువాళ్ళు ఇల్లు చూడడానికి వస్తున్నారని కబురు. వాకిట్లోకి రాగానే పెండ కనబడితే పరువేం కావాలి? బిందెలకొద్దీ నీళ్ళు పోసి, పీచుతో రుద్ది కడిగి, చెక్కలను ఎండలోకి లాగి పెట్టాను. తళతళలాడాయి. పొద్దున చేనుకు పోయి చీకటి పడ్డాక వచ్చే నాయిన అంతవరకు ఆ చెక్కల వైపు చూసిందే లేదు.

పిల్ల మేనమామ ఇంటినీ చూడలేదు, నన్నూ చూడలేదు. నేరుగా చెక్కల దగ్గరికే పోయాడు.

"ఏంది, కొసలకు పెండ పూయలే? గిట్లైతే పగుల్తయి గదా! ఇంట్ల చూసుకునెటోల్లు లేరా?"

నాయిన ముఖం మాడిపోయింది. సంబంధం చేజారుతోందనిపించి, "వడ్రంగి తాత మర్చిపోయిండు మామా" అనేశాను. (పిల్లనివ్వకముందే మామా అన్న తొందర గమనించండి.)

మళ్ళీ పెండ పూస్తే అబద్ధం బయటపడుతుందని ముట్టలేదు. పది రోజుల వడగాలికి కొసలు నోళ్ళు తెరిచాయి. నాయిన తాతను పిలిపించి నలుగురిలో అడిగాడు: "పెండ పూసుడు గూడ మర్చిపోతే ఎట్ల తాతా?"

తాత కొసను బొటనవేలితో తడిమాడు. నా వైపు ఒకసారి చూశాడు. "గలతైంది" అని తప్పు తన మీదే వేసుకుని, పగిలినంత మేర కోసేశాడు. దర్వాజ జానెడు తగ్గింది. నా పెళ్ళయింది. ఊళ్ళో కొత్త దర్వాజల పని మాత్రం ఆ తర్వాత నాగర్‌కర్నూల్ వడ్రంగులకు పోయింది.

మొన్న ధైర్యం చేసి వెళ్ళి తాత దగ్గర నా తప్పు ఒప్పుకున్నాను. బోసినోటితో నవ్వాడు.

"నాకెరికే. పూయకపోతే కొసల సందుల్ల పెండ మరక ఎట్లుంటది?"

"మరి ఆ దినమే చెప్పకపోతివి?"

"చెప్తే నీకు పిల్లనిస్తుండిరా?"

ఇంటికి తిరిగొచ్చాను. ఇప్పుడు ఆ దర్వాజ దగ్గర తల వంచడం అలవాటైంది. నిటారుగా నడిచి నుదురు కొట్టుకునే ఆ డిగ్రీ పిల్లగాడు గుర్తొస్తే మాత్రం, గడప మీదే కాసేపు నవ్వుకుంటాను.